మబ్బూరి పండుగలో మొదటి ముద్ద

ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టే సాలవ్వ మబ్బూరు అనే ఊరిని ఊహలో కట్టింది కోపంతోనే. ఓ దసరా నాడు ఆమె తెల్లారకముందే పొయ్యి అంటించింది. ఆడబిడ్డ కుటుంబం వస్తే అందరికీ వండి, కొసరి కొసరి వడ్డించింది. తాను తినబోయే వేళకు గిన్నెలో మాడు తప్ప ఏమీ లేదు. మర్నాడు ఒడిలో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ పక్కింటి భూదవ్వతో అంది:

"మబ్బూర్ల గిట్ల నడువదే."

"గదెక్కడుందే?"

"మీద, మబ్బులల్ల. ఆడ మబ్బును జొన్నల లెక్క ఇసిరి గటక వండుతరు. మెరుపులు దంచి తొక్కు నూరుతరు. ఎన్నెలను తట్టి సర్వపిండి కాలుస్తరు. పండుగనాడు వండినామె మొదలు తింటది. ఆమె 'నిండింది' అనేదాంక రాజైనా కంచం పట్టుకొని నిలబడాలె."

"రాజు ఆకలికి సస్తే?"

"సావనియ్యి. ఇంకో రాజు దొరకడా?"

అప్పటినుంచి బీడీల దగ్గర ఆడవాళ్లు ఆ పండుగ కథను ఏటా ఇంకాస్త పెంచుతూ వచ్చారు.

ఆ ఆడబిడ్డ కొడుకు శేఖర్ ఈమధ్య కామారెడ్డిలో హోటల్ పెట్టాడు. తెరిచే రోజుకు 'మబ్బూరి పండుగ' అని ఫ్లెక్సీ కట్టించి, సాలవ్వ ఇంటికి వచ్చాడు.

"నీ పండుగనే అత్తా. నువ్వే వండాలె."

హోటల్ తెరిచే రోజు పొద్దున్నే సాలవ్వ చాట పక్కన పెట్టి, భూదవ్వను తీసుకుని బస్సెక్కింది. దారి పొడుగునా ఆమె ధ్యాస ఆ మొదటి ముద్ద మీదే. నలుగురి ముందు తాను తింటుంటే అందరూ ఆగుతారు. ఒక్కసారైనా ఆగుతారు.

హోటల్‌లో దూది మబ్బులు వేలాడుతున్నాయి. ఇద్దరూ వంట ముగించేసరికి మధ్యాహ్నమైంది. సాలవ్వ చేతులు కడుక్కుని కంచం అందుకుంది. శేఖర్ ఉరికొచ్చాడు.

"ఆగు అత్తా! పెద్దపెద్దోళ్లు వచ్చిండ్రు. వాళ్లు తిన్నంక మనం ఎన్కకెల్లి తిందాం."

"మబ్బూర్ల గట్ల లేదు."

"కథను కథ లెక్క సూడాలె. గటకకు మబ్బు పేరు పెట్టిన, తొక్కుకు మెరుపు పేరు పెట్టిన. ఇంకేం తక్కువైంది?"

సాలవ్వ ఒళ్లు మండిపోయింది.

"పేర్ల కోసమైతే నాకు ఊరు కట్టుడెందుకురా? దసరా నాడు మీరందరు తిని తేన్చితే నేను మాడు గీక్కున్న. ఆఖరు సర్వపిండి తిన్నది ఎవరనుకున్నవ్? నువ్వే!"

ఆమె గటక గిన్నెకు అడ్డంగా స్టూలు లాగి కూర్చుంది. "రాయే భూదవ్వా, కూసో," అంది. భూదవ్వ కొంగు దోపుకుని పక్కనే చతికిలబడింది. సాలవ్వ గటక వడ్డించుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కంచాలు పట్టుకుని వచ్చినవాళ్లు వరుసలో ఆగిపోయారు. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు.

శేఖర్ ఆమె చెవి దగ్గర గొణిగాడు. "అత్తా, ఇజ్జత్ పోతది."

"పోనియ్యి. నీళ్లు తే."

తెచ్చాడు. గ్లాసు ఠక్కున పెడితే సగం నీళ్లు ఒలికిపోయాయి.

"నిండిందా?" పళ్లు కొరుకుతూ అడిగాడు.

సాలవ్వ కడుపు మూడో ముద్దకే నిండింది. కోపం మాత్రం చల్లారలేదు. వరుస వైపు ఒకసారి చూసి, కంచం ముందుకు జరిపింది.

"సర్వపిండి తే అల్లుడా. మొదలు భూదవ్వకు ఎయ్యి."