అంచు దాటిన పొదుపు

“ఏమ్మా, దాచుకున్నవాడు బాకీదారు ఎలా అయ్యాడు?”

అడిగింది మిల్లులో మూటలు మోసిన హమాలీ భార్య. అడిగింది కంప్యూటరమ్మని. కార్మికుల పొదుపు సంఘానికి లెక్కల ప్రోగ్రాం రాసింది ఆవిడే. హమాలీ పోయి నెలయింది. వితంతువు చేతిలో సంఘం ఇచ్చిన చీటీ: బాకీ ఇరవై నాలుగువేల అయిదువందల ముప్పై ఆరు.

“ఎప్పుడైనా అప్పు తీసుకున్నారేమో పిన్నిగారూ?”

“ఆయనా? ఎదుటివాడు ఇప్పిస్తే తప్ప టీ తాగని మనిషి. అప్పడిగే నోరే ఉంటే నాకీ గతెందుకు?”

కంప్యూటరమ్మ సంఘంలోని పాత యంత్రం ముందు కూర్చుంది. సీ అనే ప్రోగ్రాం భాషలో పూర్ణాంకం ఎంత పెద్దది, ఎంత చిన్నది కావచ్చో ప్రతి యంత్రానికీ ఒక హద్దుంటుంది. లిమిట్స్ అనే ఫైలుని పిలిచి రెండు లైన్లు రాస్తే ఆ హద్దులు తెర మీద పడతాయి. ఆవిడ ఏనాడూ రాయలేదు. ఇంట్లో కొత్త యంత్రం రెండువందల కోట్లు దాటినా కిక్కురుమనదు. అక్కడ లక్షలతో పరీక్షించి, ఇక్కడ యాభైతో సరిచూసి, చేతులు దులుపుకుంది. “పాత్రలో ఎంత పడుతుందో చూడకుండా పాలు పోస్తే ఇంట్లో తిడతారు, ఆఫీసులో జీతమిస్తారు” అనేవాడు చదువు చెప్పిన మాస్టారు. అప్పట్లో నవ్వింది.

ఇప్పుడా రెండు లైన్లూ రాసింది. పై హద్దు 32767. కింది హద్దు మైనస్ 32768.

పై అంచు దాటిన అంకె ఈ యంత్రంలో కింది అంచున తేలుతుంది. మిగతా కార్మికులు అవసరం పడ్డప్పుడల్లా తీసేసుకున్నారు, బతికిపోయారు. ‘పొదుపే రక్ష’ అని గోడ మీద రాసిన మాటని నమ్మింది హమాలీ ఒక్కడే. ముప్పైమూడు వేలు కాగానే, ఆయాసానికి వైద్యం చేయించుకుందామని వచ్చాడు. గుమాస్తా తెర చూసి, “మైనస్ 32536 చూపిస్తోంది, నువ్వే బాకీ పెద్దాయనా” అన్నాడు. హమాలీ ఎదురాడలేదు. యంత్రం అబద్ధమాడదు కదా, తనే ఎప్పుడో వాడుకుని మరిచిపోయి ఉంటాడు. భార్యకి చెప్పుకోవడానికి సిగ్గేసింది. మందులు సగం మింగుతూ, నెలకి నాలుగువందల చొప్పున ఇరవై నెలలు ఆ లేని అప్పు తీర్చాడు.

కంప్యూటరమ్మ ఆ రోజే ప్రోగ్రాం దిద్దింది. తప్పు తనదేనని కార్యదర్శికి రాసిచ్చింది.

“ఒప్పుకుంటే పాత లెక్కలన్నీ తవ్వాలమ్మా. మీటింగులో పెడదాం” అన్నాడాయన. మీటింగు వాయిదా పడింది. మళ్ళీ పడింది.

ఆవిడ తన జీతంలోంచి కొంత తీసుకుని హమాలీ ఇంటికి వెళ్ళింది. వితంతువు ఆ కవరు ముట్టుకోలేదు.

“నీ డబ్బెందుకమ్మా నాకు? ఆయన డబ్బు ఇప్పించు. బాకీ పెట్టి పోయాడని వీధిలో అనుకుంటున్నారు.”

సంఘం హమాలీకి ఇవ్వాల్సింది నలభై ఒక్క వేలు. ఇంకా ఇవ్వలేదు.