మళ్లీ రాని చారలు

అరవై దాటాక నేను మొదట నేర్చుకున్న అక్షరాలు రెండే. నలుపుకు న, తెలుపుకు తె. నేర్పింది లెక్కల ప్రొఫెసర్. ఆదిలాబాద్‌లో పత్తి రైతుల పిల్లలకు పాఠాలు మొదలుపెట్టి, కరీంనగర్‌లో రిటైర్ కావస్తున్న మనిషి. మా మగ్గం పక్కన పీట వేసుకుని, సుద్దముక్కతో నేల మీదే రాసి చూపేవాడు. నేను తప్పు చదివితే ఆయనకు హుషారు. తప్పు దొరికితేనే పాఠం మొదలవుతుందట.

ఆయన పరిశోధనంతా ఒక వరుస గురించి. రెండే రంగులు, కానీ ఎంత దూరం పోయినా ఒకే ముక్క అదే పనిగా తిరిగిరాదు. చివరి క్లాసులో పిల్లలకు చూపడానికి ఆ వరుసలో శాలువా నేయమని, చారలన్నీ న, తె అని రాసి కాగితం ఇచ్చాడు.

"కాగితం చూసుకుంటనే నెయ్యన్నా. యాదితోని నేస్తే ఆగమైతది."

"నలభై ఏండ్లసంది నేస్తున్న. నాకే చెప్తవా సారూ? ఫికర్ చెయ్యకు."

నేతగాడి చేతికి ఒక జబ్బు ఉంది. పదహారు చారలు పడేసరికి నమూనా దొరికిందనుకుంటుంది. కాగితం చూరులో దోపి, ఆ పదహారునే మళ్లీ మళ్లీ నేశాను. క్లాసు రోజు పొద్దున మడతపెట్టి ఇచ్చాను.

వెనక బెంచీలో నన్నూ కూర్చోబెట్టాడు. శాలువా బల్ల మీద పరిచాడు. చారల మీద పాకుతున్న వేలు ఒక చోట ఆగింది. పిల్లలు నవ్వారు.

"నవ్వకుండ్రి. అన్న చెయ్యి ఏడ అలవాటుకు మళ్లిందో పట్టుండ్రి సూద్దాం!"

నా తప్పుతోనే గంట పాఠం చెప్పాడు. కానీ ముప్పై ఏళ్లు చూపాలనుకున్నది ఆ రోజు ఆయన చేతిలో లేదు.

బయటికొచ్చాక, "ఇంకోటి నేస్త సారూ," అన్నాను.

"నెయ్యి. ఆపరేషన్ అయినంక వస్త. కాగితం అయిపోతె ఏ చార ఎయ్యాల్నో అప్పుడు నేర్పుత."

రాలేదు. గుండె ఆపరేషన్‌కు పోయిన మనిషి శవమై ఇంటికొచ్చాడు.

రెండో శాలువా ఇంకా మగ్గం మీదే ఉంది. ఒక్కో అక్షరం చదివి ఒక్కో చార వేశాను. కాగితం అయిపోయింది. నేయాల్సిన పడుగు దారం ఇంకా మూరెడు మిగిలింది. తర్వాత నలుపో తెలుపో నాకు తెలియదు. ఊహించి వేయను. ఒకసారి వేశాను, చాలు.