ఫోనక్క అరగంట

ఊళ్లో ఏ లిఫ్టు మధ్యలో ఆగినా ఆ కబురు ముందు దేవుడికి, ఆ వెంటనే ఫోనక్కకి చేరుతుంది. లోపల చిక్కుకున్నవాళ్లు ఇద్దరినీ ఒకేసారి తలుచుకుంటారు కాబట్టి ఎవరు ముందో చెప్పడం కష్టం. దేవుడి సంగతేమో గానీ, ఫోనక్క మాత్రం రెండో గంట మోగకముందే ఫోనెత్తుతుంది. "కంగారు పడకండి. తలుపులు లాగకండి. లోపల ఎంతమంది? పిల్లలున్నారా?" అని అడిగే ఆ గొంతు వింటే సగం భయం అక్కడికక్కడే దిగిపోతుందని చాలామంది చెప్పారు.

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇరవై ఆరేళ్లుగా ఆమె పని అదే. పక్క ఊళ్లలో ఆ కంపెనీకి ఇంకో రెండు బ్రాంచిలున్నాయి, అక్కడా ఫోను దగ్గర ఒక్కొక్కరు. ఫిర్యాదు రాసుకోవాలి, మెకానిక్కుని పంపాలి, అతను చేరాడో లేదో కనుక్కోవాలి. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది, అక్కడే ఉండిపోయింది. మెకానిక్కులకీ వాళ్ల పెళ్లాం పిల్లలకీ కూడా ఆవిడ ఫోనక్కే. ఇంకో విచిత్రం చెప్పాలి. ఊరి లిఫ్టులన్నిటినీ నడిపించే ఆ కంపెనీ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది, ఆ మేడకి మాత్రం లిఫ్టు లేదు. రోజూ అరవై రెండు మెట్లు ఎక్కి, పైకొచ్చాక రెండు నిమిషాలు ఆయాసపడి, అప్పుడు ఫోను ముందు కూర్చుంటుంది.

ఆమె వెనక గోడకి కార్డుల బీరువా ఉండేది. ఒక్కో లిఫ్టుకి ఒక్కో కార్డు. ముందు వైపు తేదీ, ఫిర్యాదు, మెకానిక్కు చేరిన సమయం, చేసిన పని. వెనక వైపు ఆమె సొంత రాతలు. ఫలానా లిఫ్టు మొండిఘటం. ఫలానాది నంగనాచి, మెకానిక్కు వెళ్లగానే బుద్ధిగా నడుస్తుంది, అతను గేటు దాటగానే ఆగుతుంది. ఏ లిఫ్టుకి ఏ మెకానిక్కు సరిపోతాడో ఆవిడకి ఆ రాతలు చూడకుండానే తెలుసు.

కంపెనీ పెట్టిన పెద్దసారు మంచివాడే గానీ సమయం విషయంలో రాక్షసుడు. ఫిర్యాదు వచ్చిన అరగంటలో మెకానిక్కు అక్కడ ఉండాలి. దాటితే సగం పూట సెలవు కింద కోసేసేవాడు. శనివారం శనివారం ఎర్ర పెన్సిలు పట్టుకుని కార్డులన్నీ చూసేవాడు. ఆ రోజు మెకానిక్కులు ఆఫీసు ఛాయలకి వచ్చేవాళ్లు కారు.

ఫోనక్క కొత్తగా చేరిన ఏడాదే ఒక మెకానిక్కు భార్యకి పెద్ద ఆపరేషను అయింది. అతని నడక, మాట, ఆఖరికి స్క్రూ తిప్పడం కూడా నిదానం. అందుకే అందరూ అతన్ని నిదానం అనేవాళ్లు. పొద్దున్నే భార్యకి స్నానం చేయించి, అన్నం తినిపించి, మందులిచ్చి బయల్దేరితే మొదటి ఫిర్యాదుకి చేరేసరికి గంట దాటేది. ఫోనక్కకి ఆ ఇంటి సంగతి తెలుసు. ఓ రోజు అతను గంటా పది నిమిషాలకి చేరితే, కార్డు మీద అరగంటలో చేరినట్టు సమయం రాసేసింది. 

భార్య కోలుకుంది, శుభ్రంగా ఉంది. ఫోనక్క చేతికి మాత్రం ఆ రాత అలవాటైపోయింది. ఒకడికి రాసి ఇంకొకడికి రాయకపోతే పాపం కదా అనుకుని అందరికీ రాయడం మొదలుపెట్టింది. బండి పాడైనవాడికి అరగంట, వానలో చిక్కుకున్నవాడికి అరగంట, అత్తవారింటి దగ్గర ఆగి ఫలహారం చేసినవాడికి కూడా అరగంటే. అనుమానం రాకుండా మధ్య మధ్య ఇరవై అయిదు నిమిషాలకి చేరినట్టు వేసేది. పెద్దసారు శనివారాలు చిరునవ్వుతో గడిచాయి. ఆ చిరునవ్వుతోనే ఆయన పోయాడు.

ఆ తర్వాత కంపెనీ ఆయన కూతురి చేతికొచ్చింది. చిన్నప్పుడు బడి వదిలాక ఫోనక్క బల్ల కింద కూర్చుని ఎక్కాలు రాసుకున్న పిల్ల. పదిమందిలో ఫోనక్క ఆమెని మేడం అంటుంది, ఎవరూ లేనప్పుడు అమ్మాయ్ అంటుంది. ఆమె మాత్రం ఎక్కడైనా ఆంటీ అనే పిలుస్తుంది.

మొన్నటి వానాకాలంలో బీరువా వెనక గోడ చెమర్చి రెండు అరల కార్డులు ముద్దయిపోయాయి. ఏ లిఫ్టుకి ఏం మార్చారో తెలియక, నిరుడు మార్చిన మోటారునే మళ్లీ మార్చారు. మేడం తల పట్టుకుంది. నెల తిరక్కుండా కంప్యూటర్లు తెలిసిన ఒక బట్టతల పెద్దమనిషిని తీసుకొచ్చింది. వివరాలన్నీ క్లౌడులో పెడతానని ఆయన అనగానే మెకానిక్కులు ఆయనకి మబ్బుల మాస్టారు అని పేరు పెట్టేశారు.

"మబ్బుల్లో పెడితే మళ్లీ వానకి తడవవా సార్?" అన్నాడు ఒకడు.

మాస్టారు కోప్పడలేదు. "పేరే మబ్బు నాయనా, ఉండేది నేల మీదే. ఎక్కడో పెద్ద పెద్ద కంప్యూటర్లుంటాయి. వాటిలో మనం కాస్త చోటు అద్దెకి తీసుకుంటాం. పని పెరిగితే ఎక్కువ తీసుకుంటాం, తగ్గితే తిరిగిచ్చేస్తాం. మన గోడ చెమర్చినా, బీరువాకి చెద పట్టినా వాటికేం కాదు. మూడు బ్రాంచిలవాళ్లూ ఒకే కార్డుని ఒకేసారి చూడొచ్చు, లిఫ్టు పక్కన నిలబడి మీరూ ఫోనులో చూడొచ్చు" అన్నాడు.

మూడు బ్రాంచిల కార్డులూ అందులోకి ఎక్కాయి. రెండు లక్షల పైచిలుకు ఫిర్యాదులు. కార్డుల వెనక రాతలు కూడా ఎక్కించాల్సిందేనని ఫోనక్క పట్టుబడితే మాస్టారు ముందు నవ్వాడు, తర్వాత వాటికీ ఒక గడి పెట్టాడు. అన్నీ ఒకచోట చేరాక ఎవరికీ తెలియని సంగతులు బయటపడ్డాయి. అంతస్తుకి రెండంగుళాలు కిందగా ఆగుతోందని నెలలో రెండుసార్లు ఫిర్యాదు వచ్చిందంటే, ఆ లిఫ్టు బ్రేకు నలభై రోజుల్లోపు అరిగిపోతోంది. ఒక బ్రాంచిలో నెలకి నాలుగైదే వచ్చే ఫిర్యాదు కాబట్టి ఇన్నేళ్లూ ఎవరి కంటికీ ఆనలేదు. ఇప్పుడు మెకానిక్కులు ఎవరూ పిలవకముందే వెళ్లి బ్రేకులు మార్చి వస్తున్నారు. ఆ నెల లిఫ్టులో ఇరుక్కున్నామన్న ఫోన్లు సగానికి సగం తగ్గాయి. ఫోనక్క సంబరపడింది. తన ఫోను మోగకపోతే అంత సంతోషం కలుగుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

సంతోషం వెనకే చిక్కు వచ్చింది. మూడు బ్రాంచిలూ ఒకటిగా కనిపిస్తున్నప్పుడు ముగ్గురు ఫోను దగ్గర ఎందుకు, ఒక్కరు చాలని తేలింది. మిగతా ఇద్దరికీ విడిభాగాల గోడౌనులో పని. ఆ ఒక్కరూ ఎవరన్నది సోమవారం చెబుతానంది మేడం. చెప్పకముందే అందరికీ తెలుసు. మిగతా బ్రాంచిల్లో మెకానిక్కు చేరడానికి సగటున నలభై నిమిషాలు, నలభై రెండు నిమిషాలు. ఫోనక్క బ్రాంచిలో ఇరవై తొమ్మిది. మెకానిక్కులు ముందే మిఠాయి అడిగారు.

ఫోనక్కకి ఆ కుర్చీ కావాలి. చాలా కావాలి. పదవీ విరమణకి ఇంకా నాలుగేళ్లుంది. ఆ నాలుగేళ్లూ గోడౌనులో బోల్టులు లెక్కపెడుతూ కూర్చోవడం తలుచుకుంటేనే ఆమెకి అన్నం సహించేది కాదు. గడియారాలు బాగుచేసే ఆమె భర్త మాత్రం, "నీ గొంతు వినడానికైనా లిఫ్టులో ఇరుక్కోవచ్చు, బోల్టులకేం తెలుస్తుంది" అని వెక్కిరించేవాడు. ఆ ఇరవై తొమ్మిది నిమిషాల సంగతి ఆయనకీ తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం ఫోనక్క కిందికి వెళ్లబోతే రెండో మలుపు దగ్గర మెట్ల మీద నిదానం కూర్చుని ఉన్నాడు. పనిముట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని మోకాళ్లు రాసుకుంటున్నాడు.

"ఏమయ్యా, ఇక్కడ కూర్చున్నావేం?"

"ఏం లేదక్కా. కాస్త ఆయాసం. ఈ కొత్త పద్ధతిలో కంప్యూటరు రోజుకి ఆరు లిఫ్టులు వేస్తోంది. ఇదివరకు మూడు చేసేవాణ్ణి కదా. నాలుగోదానికే కాళ్లు పడిపోతున్నాయి."

"ఆరెందుకు వేస్తోంది?"

అతను ఫోను తీసి చూపించాడు. "ఇదిగో, నా పాత లెక్కలు చూసే వేస్తోందట. ఇరవై ఆరేళ్లు నేను ఎక్కడికైనా అరగంటలో చేరానట అక్కా! ఇప్పుడు ఈ ఫోను తనంతట తనే వేసిన లెక్క చూడు, యాభై ఎనిమిది, యాభై మూడు, గంట. నేనే పాడైపోయాను. ఒకప్పుడు అంత చురుగ్గా ఉండేవాణ్ణని నాకే గుర్తులేదు. మా ఆవిడ ఆపరేషనప్పుడు ఆలస్యమయ్యేది, పెద్దసారు దయతలచి వదిలేశారనుకున్నా. చూస్తే అప్పుడూ అరగంటే ఉంది." అతను నవ్వబోయి మానేశాడు. "సోమవారం మానేస్తానని చెప్పేస్తానక్కా. కంపెనీకి బరువెందుకు."

ఫోనక్క ఆ ఫోను తీసుకుని అంకెలన్నీ చూసింది. ఏ మనిషిని కాపాడాలని ఆ అబద్ధం రాసిందో, అది ఇన్నేళ్లూ బీరువాలో పడుకుని, ఇప్పుడు లేచొచ్చి ఆ మనిషి మోకాళ్ల మీదే కూర్చుంది. పెద్దసారు ఎర్ర పెన్సిలుని మోసం చేయడం వేరు. కంప్యూటరు పాపం ఆమె రాసిన ప్రతి అక్షరాన్నీ నమ్మేసింది.

"నువ్వెక్కడికీ వెళ్లకు. ఇక్కడే కూర్చో" అని మళ్లీ మెట్లెక్కింది. ఈసారి పైకొచ్చాక ఆయాసం తీర్చుకోలేదు. నేరుగా మేడం గదిలోకి వెళ్లింది. మాస్టారు అక్కడే ఉన్నాడు.

"అమ్మాయ్," అంది, మాస్టారు ఉన్నాడన్న సంగతి మర్చిపోయి. "కార్డుల్లో చేరిన సమయాలన్నీ అబద్ధం. నేనే రాశాను. ఎవరూ రాయమనలేదు."

మేడం కళ్లజోడు తీసింది. "ఎన్ని?"

"అన్నీ."

"మీరా ఆంటీ? మా నాన్న మీ కార్డులు చూపించి మమ్మల్ని తిట్టేవారు, పని అంటే ఇలా ఉండాలని."

ఆ మాటకి ఫోనక్కకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిదానం భార్య మంచం పట్టిన నాటి నుంచి జరిగిందంతా చెప్పింది, ఏమీ దాచుకోలేదు. "ఆ కుర్చీ ఎవరికైనా ఇవ్వు. నేను గోడౌనుకి పోతాను. అతని లెక్క మాత్రం సరిచెయ్యి. వాడు ముసలివాడైపోయాననుకుంటున్నాడమ్మా" అంది.

మేడం కళ్లజోడు బల్ల మీద పెట్టేసింది. కోపం వచ్చిందని ముఖం చూస్తేనే తెలిసింది. మాస్టారే ముందు నోరు విప్పాడు. "నాకు మొదటినుంచీ అనుమానమే. మూడు బ్రాంచిల కార్డుల్లోనూ ఒక్క మెకానిక్కూ పది గంటల ఏడు నిమిషాలకి రాలేదు. అందరూ పదింటికో పదీ అయిదుకో వచ్చారు. మనుషులు అలా రారండీ. అంటే ముగ్గురూ రాశారు. ఒప్పుకున్నది ఈవిడొక్కరే. కానీ ఇప్పుడు నిజం సమయాలు ఎక్కడినుంచి తేవాలి?"

"రిజిస్టర్లలో ఉన్నాయిగా" అంది ఫోనక్క.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"ఫోను రిజిస్టర్లు. వచ్చిన ఫోనూ పోయిన ఫోనూ రాయమన్నారు పెద్దసారు, తర్వాత ఆయనే మర్చిపోయారు. మెకానిక్కు చేరగానే 'వచ్చానక్కా' అని ఫోను చేస్తాడు. అది ఏ నిమిషానికి చేస్తే ఆ నిమిషం రాశాను. ఇరవై ఆరు పుస్తకాలున్నాయి, నా కుర్చీ కింద."

"అందులో ఎందుకు నిజం రాశారు ఆంటీ?" అంది మేడం.

"అది ఎవరూ చూడరు కదమ్మా. అబద్ధం దేనికి?"

మేడం కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. పెదవి బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు. బల్ల కింద ఎక్కాలు తప్పు రాసి దొరికిపోయినప్పుడు నవ్విన నవ్వే అది. మాస్టారు అప్పటికే బయటికి పరిగెత్తి, ఫోనక్క కుర్చీ కిందికి దూరి పుస్తకాలు బయటికి లాగుతున్నాడు, నిధి దొరికినవాడిలా.

వాటిని ఎక్కించడానికి రెండు నెలలు పట్టింది. ఫోనక్క చదివింది, మాస్టారు మనుషులు టైపు కొట్టారు. నిజం బయటికొచ్చాక ఆమె బ్రాంచి సగటు యాభై రెండు నిమిషాలని తేలింది. సిగ్గుతో చచ్చినంత పనైంది. అయితే నిజంతో పాటు ఇంకోటీ తేలింది. ఆలస్యంగా చేరినా నిదానం చెయ్యిపెట్టిన లిఫ్టు ఏడాది దాకా మళ్లీ ఫోను చేయదు. పరుగున వెళ్లినవాళ్లు బాగుచేసినవి మూడు నెలలకే పిలుస్తాయి. ఏ వీధికి ఏ వేళ ఎంత సేపు పడుతుందో రిజిస్టర్లలో ఉంది కాబట్టి, కంప్యూటరు ఇప్పుడు మెకానిక్కులకి మోయగలిగినంత పనే వేస్తోంది. ఫిర్యాదు చేసినవాళ్లకి అరగంటని కాకుండా యాభై నిమిషాలని చెబుతోంది. ఆశ్చర్యమేమిటంటే, నిజం చెబితే తిట్టేవాళ్లే తగ్గారు.

కుర్చీ ఫోనక్కకే ఇచ్చింది మేడం. "లెక్క నిజమో కాదో కనిపెట్టే మనిషి కావాలి నాకు. అబద్ధం ఎలా రాస్తారో మీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు ఆంటీ?" అంది. మిగతా ఇద్దరిలో ఒకావిడ ఈ మేడ మెట్లు ఎక్కే బాధ తప్పిందని సంతోషంగా గోడౌనుకి వెళ్లింది. రెండో ఆవిడ కొన్నాళ్లు మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడుతోంది.

నిదానం రాజీనామా కాగితం పనిముట్ల సంచీలోనే నలిగి చిరిగింది. అతనికి ఇప్పుడు రోజుకి మూడే లిఫ్టులు, అన్నీ మొండిఘటాలే. మొన్న మధ్యాహ్నం ఫోను మోగింది.

"వచ్చానక్కా."

"తెలుసులే, తెర మీద కనిపిస్తున్నావు. నీ జేబులో ఫోనే చెప్పేస్తోంది. ఇంక నువ్వు చేయనక్కర్లేదని చెప్పారుగా?"

"చెప్పారులే. అయినా ఇరవై ఆరేళ్ల అలవాటు. నువ్వు రాసుకుంటావు కదా అని" అన్నాడు.

"పనిచూసుకో ముందు" అని కసిరి ఫోను పెట్టేసింది. సొరుగు లాగి ఇరవై ఏడో పుస్తకం తీసి, రెండు గంటల ఏడు నిమిషాలు అని రాసింది. తల ఎత్తి తెర వైపు చూసింది. అక్కడా రెండూ ఏడే ఉంది.