మాబు సాహెబ్ పేరు తీసేసిందెవరు?

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా లారీ తోలుతున్న మాబు సాహెబ్‌కు ఆ వేసవిలో తొమ్మిది రోజులు లోడు రాలేదు. లోడ్లు పంచేది ఇప్పుడు మనిషి కాదు, ఏఐ. రోజూ పొద్దున్నే ఫోన్లో డ్రైవర్ల పేర్లు వస్తాయి. అతని పేరు మాత్రం లేదు.

కారణం అతనికి తెలుసు. ముద్దనూరు దగ్గర ఆటో బోల్తాపడి ఒక ముసలామె కాలు విరిగితే, ఆమెను లారీలో ఎక్కించుకొని ఆస్పత్రిలో దింపాడు. సరుకు మూడు గంటలు ఆలస్యంగా చేరింది.

"నేను తీయలేదు సాయిబూ. సిస్టమే తీసేసింది" అని రోజూ ఒకటే మాట చెప్పేవాడు యార్డు మేనేజరు భూపేష్, తలెత్తకుండానే.

పదో రోజు మహేశ్వరి అనే పరిశోధకురాలు వచ్చింది. యంత్రాలు తమంతట తాము ఎంతవరకు నిర్ణయిస్తాయో తెలుసుకోవడం ఆమె పని. డ్రైవర్ల షెడ్డులో అతని పక్కన కూర్చుని అడిగింది. "సిస్టమ్ కావాలనే మిమ్మల్ని పక్కన పెట్టిందని అనిపిస్తోందా?"

మాబు సాహెబ్‌కు ఒళ్లు మండింది.

"దాని పెండ్లికి నేను పోలేదనా పగ? ఈడ నా కడుపు కాలతాంటే, నువ్వు దాని మనసు కనుక్కోను వచ్చినావా?"

ఆమె లేచింది. భూపేష్ ఆఫీసులోకి వెళ్లి కంప్యూటర్లో రికార్డులు చూసింది. మాబు సాహెబ్ కూడా వెనకే వెళ్లి నిలబడ్డాడు.

"దారిలో ఆగినవాళ్లను తీసేయమని దీనికి ఎవరూ చెప్పలేదు. సరుకు ఆలస్యం కాకూడదని మాత్రమే చెప్పారు. ఆ ఉపాయం అదే వెతుక్కుంది. ఇది ఎవరి నిర్ణయమో తేల్చడం మాకూ కష్టమే" అంది మహేశ్వరి.

"నాకేం కష్టంల్యా." అతను భూపేష్ వైపు తిరిగాడు. "ఏమప్పా, తీసేసిన పేర్లు నీకు కనపడతాయా?"

"కనపడతాయి."

"మళ్లా పెట్టే మీట ఉండాదా?"

"...ఉంది."

"మరి తొమ్మిది దినాలు నీ చెయ్యి యాడ పెట్టుకోనుంటివి?"

భూపేష్ ముఖం కందిపోయింది. మీట నొక్కాడు. లోడు వచ్చిందని మాబు సాహెబ్ ఫోను మోగింది. టీ తాగి పొమ్మన్నాడు భూపేష్. మాబు సాహెబ్ గ్లాసు ముట్టలేదు.

"మీ మాటలు రాసుకోవచ్చా?" అంది మహేశ్వరి.

"రాసుకో. ఈయప్ప పేరు గూడా రాయి."

"పరిశోధనలో పేర్లు రాయమండీ."

"అయితే నీ రాత నాకు శానా దండగ" అని బయటికి నడిచాడు.

ఇప్పుడు ఎవరి పేరు మాయమైనా ఆ డ్రైవరు ముందు మాబు సాహెబ్‌నే వెతుక్కుంటూ వస్తాడు. ఇద్దరూ వెళ్లి, భూపేష్ మీట నొక్కేదాకా అతని బల్ల ముందు నిలబడతారు. మాబు సాహెబ్ భూపేష్‌కు సలాం కూడా చెప్పడు.