శాంపిల్ లేని బ్రేకు పైపు

మా ఆవిడ లారీ ఎక్కనంది. అసలు సంగతి ఇదే. మిగతా తిరుగుడంతా దీనికోసమే.

మా ఊరు పెనుకొండ పక్కన. జాతరనాడు ఆడవాళ్లు పళ్లేల్లో జ్యోతులు ఎత్తుకుని గుట్ట మీది అమ్మవారి గుడికి పోతారు. మా నాయన కాలం నుంచి వాళ్లను ఎక్కించుకుని పోయేది మా ఇంటి లారీయే. ముందు మూతి పొడుచుకొచ్చిన పాత చిన్న లారీ. ఏడాదంతా శనక్కాయల మూటలు మోసినా ఆ ఒక్కరోజు దానికి పసుపు, కుంకుమ, మామిడాకులు. పోయిన జాతరకు గుట్ట దిగుతుంటే బ్రేకు తొక్కాను. కాలు నేలదాకా పోయింది గానీ బండి ఆగలేదు. గేరు తగ్గించి, పక్కనున్న మట్టికట్టకు ఆనించి నిలిపాను. ఒక్కరికి గీత కూడా పడలేదు. అయినా మా ఆవిడ దిగి, ఖాళీ పళ్లెం చంకన పెట్టుకుని నడుస్తూ వెళ్లిపోయింది. ఆమె వెనకే అందరూ.

"బ్రేకులు కొత్తవి ఏయించేదాకా నేనెక్కను. నేనెక్కకుంటే ఊర్లో ఎవురూ ఎక్కరు" అంది ఇంటికి వచ్చాక. ఊరి పెద్దమనుషులు కూడా అదే మాట ఇంకొంచెం మర్యాదగా చెప్పారు. ఈ జాతరకు బాగుచేయిస్తే సరే, లేకపోతే ట్రాక్టరు మాట్లాడుకుంటామన్నారు.

పాత బ్రేకు డ్రమ్ములు అరిగిపోయాయి. అట్లాంటివి ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. పెనుకొండలో నా ఈడు మేస్త్రీ ఒకడున్నాడు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెడదామన్నాడు. పాత ఇనుము కింద గుజిరీకి వచ్చిన ఒక ఈకాలపు వ్యాను నుంచి డిస్కులు, వాటిని కరిచి పట్టుకునే కాలిపర్లు ఊడదీసి తెచ్చాడు. లేతులో పట్టీలు చేయించి మా లారీకి కూర్చాడు. అంతా కుదిరింది. ఛాసిస్ మీది ఇనుప గొట్టం నుంచి చక్రానికి బ్రేకు ఆయిలు తీసుకుపోయే రబ్బరు పైపు మాత్రం కుదరలేదు. చక్రానికొకటి కావాలి. లారీ వైపు కొనకు అంగుళాల లెక్కన కోసిన పాతకాలపు మర, అంటే తిప్పి బిగించే చుట్లు, ఉండాలి. చక్రం వైపు కొనకు మిల్లీమీటర్ల లెక్కన కోసిన కొత్త మర ఉండాలి.

"ఒక కొన ముసిల్ది, ఇంగో కొన పడుసుది. యాడ దొరుకుతాదో నువ్వే చూసుకో" అన్నాడు మేస్త్రీ. ఆ మాటన్నాక అతను చేతులు తుడుచుకుని టీకి పోయాడు. నేను హిందూపురం బస్సెక్కాను.

హిందూపురంలో స్పేరు పార్టుల అంగడి ఏదీ వదల్లేదు. పాత పైపు చూపిస్తే అచ్చం అట్లాంటిదే ఇచ్చారు, రెండు కొనలూ పాతవే. వ్యాను పేరు చెబితే వ్యానుదే ఇచ్చారు, రెండు కొనలూ కొత్తవే. ఇందులో సగం, అందులో సగం కావాలంటే నన్ను కిందికీ మీదికీ చూశారు. ఒకాయన పార్టు నంబరు అడిగాడు. తల నెరిసినాక మా చిన్నకూతురి పుస్తకాలు ముందేసుకుని అక్షరాలు నేర్చుకున్నవాడిని నేను. అంతకుముందు బస్సును దాని రంగు చూసి ఎక్కేవాణ్ణి. ఇప్పుడు ఏ నంబరైనా చదవగలను. తీరా నాకు కావలసిన వస్తువుకు నంబరే లేదు.

ఆఖరికి ఒక అంగడాయన కొంచెం నిలబడి విన్నాడు.

"శాంపిల్ తే పెద్దాయనా, చేపిస్తాం."

"ఇంగా పుట్టని దానికి శాంపిల్ యాడ తెచ్చేదప్పా?"

"శాంపిల్ లేకుండా ఎవురూ చెయ్యరు" అని ఆయన ఫ్యాను బెల్టు అడిగినవాడి వైపు తిరిగాడు. పక్కనున్న ఇంకొకాయన కన్నడంలో, బెంగళూరుకు పొమ్మని సలహా ఇచ్చాడు. నేనూ కన్నడంలోనే జవాబిచ్చాను. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

ధర్మవరంలో బోరు లారీలకు ఆయిలు పైపులు ప్రెస్సు చేసే అంగడి ఉందని ఎవరో చెబితే అక్కడికీ పోయాను. మిషను ఉంది, రబ్బరు ఉంది, రెండు రకాల మరలూ ఉన్నాయి. బ్రేకు పైపులు కూడా చేస్తామన్నారు. నా పానం లేచొచ్చింది. ఆ తర్వాత మిషను ముందు కూర్చున్నాయన చెయ్యి చాపాడు.

"శాంపిల్?"

అక్కడ అరవలేదు. అరిచే ఓపిక హిందూపురంలోనే అయిపోయింది.

మా పెద్దకూతురిని ఇచ్చింది ధర్మవరంలోనే. మా వియ్యంకుడు పట్టుచీరలు నేస్తాడు. అన్నం వేళకు వాళ్లింటికి పోయి, చెప్పులు విడవకముందే తిట్టడం మొదలుపెట్టాను. ఆయన మగ్గం గుంటలో కూర్చునే విన్నాడు. చెయ్యి ఆపలేదు.

"మా కాడికీ వస్తారు బావా, ఇట్లాంటి చీరే కావాలని. ఇట్లాంటిదంటే యాడుంది అంటే చూపించలేరు. అట్లాంటప్పుడు మేమే జానెడు నేసి చేతిలో పెడతాం. నీ శాంపిల్ నువ్వే చేసుకోరాదా? శాంపిలంటే పైపే కావల్నా ఏంది?"

ఆయన మాట విన్నాక అన్నం రెండోసారి అడిగి తిన్నాను. మగ్గానికి వాడే గట్టి నూలుతాడు ఒకటి ఇచ్చాడు. దాన్ని తెచ్చి, పాత పైపు కొన కోసి తాడుకు ఒకవైపు కట్టాను. వ్యాను పైపు కొన కోసి రెండోవైపు కట్టాను. మేస్త్రీ, నేను కలిసి దాన్ని లారీ కింద ఉండవలసిన చోట పట్టి చూసి, సరిపోయినంత పొడవు ఉంచి ముడి బిగించాం. ధర్మవరం తీసుకుపోతే ప్రెస్సు అంగడాయన దాన్ని చేతిలోకి తీసుకుని నవ్వాడు. నవ్వినా, అది శాంపిలే అని ఒప్పుకున్నాడు. తాడు పొడవుకు సరిగ్గా రెండు పైపులు చేసి, ఆయిలు ఒత్తిడి పెట్టి చూపించి మరీ ఇచ్చాడు.

జాతరనాటికి పైపులు బిగించాం. జ్యోతులు వెలిగించకముందే లారీని వీధిలోకి తీశాను. మలుపు దగ్గర స్టీరింగు తిప్పుతుంటే, పక్కనే నడుస్తున్న మేస్త్రీ బానెట్టు మీద దబదబా కొట్టాడు. చక్రం తిరిగేకొద్దీ పైపు బిగుసుకుని దారంలా సాగుతోంది. ఇంకొంచెం తిప్పితే తెగేది.

ఎందుకట్లా అయిందో అక్కడే తెలిసింది. డిస్కులు కూర్చిన శుక్రవారమే మేస్త్రీ పూజ చేసి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేశాడు. ఆ శుక్రవారం దాటితే జాతర దాకా మంచిరోజు లేదన్నాడు. పెట్టిన నిమ్మకాయలు బండి రోడ్డెక్కేటప్పుడే నలగాలి. అందుకని స్టీరింగును ఎవరూ ముట్టుకోలేదు. తాడు కొలిచింది కూడా చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే. చక్రం పూర్తిగా తిరిగితే పైపు ఇంకెంత కావాలో చూడాలనే మాట మా ఇద్దరి నోటా రాలేదు. బండి కింద పడుకుని కొలిచిన రెండు ముసలి తలకాయలూ నిమ్మకాయలు నలగకుండా మాత్రం బాగా చూసుకున్నాయి.

జ్యోతులు ట్రాక్టరులో పోయాయి. మా ఆవిడ కూడా అందులోనే పోయింది. పోతూ నా వైపు చూడలేదు, అది మేలే చేసింది. నేను మామిడాకులు కట్టిన లారీలో కూర్చుని, పలక డప్పుల మోత గుట్ట ఎక్కేదాకా విన్నాను.

మళ్లీ ధర్మవరం. ఈసారి చక్రాన్ని ఆ పక్కకూ ఈ పక్కకూ కొస దాకా తిప్పి, బండిని జాకీ మీద ఎత్తి చక్రాలు వేలాడదీసి కొలుచుకుని పోయాను. పొట్టి పైపులు ముందు పెడితే అంగడాయన సంతోషించాడు. ఇప్పుడు శాంపిల్ ఉండాది గదా అన్నాడు. ఏం చెప్పేది ఆయనకు? ఇంకో నాలుగు వేళ్లు పొడుగు అన్నాను. పొడుగు పెంచి చేసిచ్చాడు.

వాటిని బిగించినాక ఇసుక మూటలు నింపుకుని అదే గుట్ట దిగాను. తొక్కినచోటల్లా నిలిచింది. ఎన్నిసార్లు తొక్కినా నిలిచింది. చూసేదానికి మేస్త్రీ తప్ప ఎవరూ లేరు. జాతర అయిపోయాక నా బ్రేకులు ఎవరికి కావాలి? పెద్దమనుషులకు చెబితే, వచ్చే ఏటికి చూద్దాంలే అన్నారు. వచ్చే ఏటికి నాకు ఇంకో ఏడు మీద పడుతుంది. ఆ లెక్క వాళ్లకు పట్టదు.

ఇంటికొచ్చి, ఇన్ని మూటలతో నిలబడిందని మా ఆవిడకు చెప్పాను. ఆమె చేటలో శనక్కాయలు వొలుస్తోంది.

"మూటలకేం, భయముండాదా వాటికి?" అంది.

నేను బయటికొచ్చి మూటలు దించడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆమె వచ్చి, కొంగు నడుముకు చెక్కుకుని, లారీలో నా పక్క సీటు ఎక్కి కూర్చుంది. మిగిలిన మూటలు వదిలేసి బండి తీశాను. గుట్ట పైదాకా పోయి తిరిగాం. వాలు మొదలయ్యేసరికి ఆమె ముందున్న కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది. తొక్కాను. లారీ నిలిచింది. వెనక లేచిన దుమ్ము మమ్మల్ని దాటుకుని ముందుకు పోయింది.

"వచ్చే జాతరకు ఎవురెక్కేదీ మళ్లా చూద్దాం" అంది కమ్మీ వదలకుండా. "కొంచెం కిందికి పోనిచ్చి ఇంగోసారి తొక్కు."