వద్దనలేక తీసుకున్నవి

టైలరమ్మ గదికి రెండు తలుపులు. ఒకటి వీధిలోకి, ఒకటి ఇంట్లోకి. మధ్యలో కుట్టుమిషను. మిషను చుట్టూ మూడు గోడలకీ అరలు. అరల నిండా లోకంలో ఎవరికీ అక్కర్లేని వస్తువులు.

వాటిని చూడటానికి జనం బస్సెక్కి వస్తారు.

మొదట్లో ఆమె దగ్గర ఒక్కటే ఉండేది. తన పెళ్లికి భర్త అక్క ఇచ్చిన పింగాణీ బాతు. చంటిపిల్లంత ఉంటుంది. పొట్టలో గడియారం, ముక్కు మీద ఎర్ర గాజుపూస. ఎన్ని గంటలైతే అన్నిసార్లు దగ్గుతుంది. చేసినవాడు కూత పెట్టించాలనే అనుకుని ఉంటాడు. దానికి దగ్గే వచ్చింది.

పడకగదిలో పెడితే నిద్ర లేదు. పారేస్తే ఆడపడుచు బతకనివ్వదు. అందుకని మిషను గదిలో అర మీద పెట్టింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు దాన్ని చూసి కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి, "మా ఇంట్లో దీని అమ్మమ్మ ఉంది, తెచ్చి చూపించమంటారా?" అన్నారు. తెచ్చారు. తిరిగి తీసుకెళ్లడం మాత్రం అందరూ మర్చిపోయారు.

అలా వచ్చింది గవ్వలు అతికించిన ఫోను. చెవికి పెట్టుకుంటే గీరుకుపోతుంది. అలా వచ్చింది నడుమ పింగాణీ చేప లేచి నిలబడిన పళ్లెం. చేపకి తప్ప తిండికి అందులో చోటు లేదు. మామగారి ముఖం కుట్టిన దిండు కూడా అలా వచ్చిందే. దాని మీద తల పెట్టలేక, కాళ్లు పెట్టలేక, ఓ కోడలు సంచిలో దాచి తెచ్చి, "నేనిచ్చానని ఎవరికీ చెప్పకండి పిన్నీ" అంది.

టైలరమ్మ చెప్పలేదు. ప్రతి వస్తువుకీ ఒక గుడ్డపట్టీ కుట్టింది. దాని మీద దారంతో రెండు ముక్కలు: ఇచ్చినవారి వరస, పుచ్చుకున్నప్పుడు అన్న మాట. పేరు కుడితే పోట్లాట వస్తుంది. వరస కుడితే ఎవరి బంధువుల్ని వాళ్లు తలుచుకుంటారు. దిండు మీద ఇలా ఉంటుంది: "అత్తగారు. 'అచ్చం మామయ్యగారే!'" గుమ్మం మీద బోర్డు కూడా గుడ్డదే: వద్దనలేక తీసుకున్నవి.

వింత చోట్లు చూపించే బస్సు డ్రైవరు ఒకసారి ప్యాంటు కురచ చేయించుకోవడానికి వచ్చాడు. ప్యాంటు మర్చిపోయి గంటసేపు అరలు చూశాడు. మర్నాటి నుంచి గుండీల మ్యూజియం, పక్కకి ఒరిగిన ఇల్లు, తర్వాత టైలరమ్మ గది అతని దారి అయిపోయింది.

చిక్కల్లా ఒక్కటే. గది ఆమెది కాదు. మామగారు ఇల్లు పంచినప్పుడు లోపలి గదులు కొడుక్కి, వీధి గది కూతురికి వచ్చాయి. ఆ కూతురే బాతు ఇచ్చిన వదిన. వేరే ఊళ్లో ఉంటుంది. ఇన్నేళ్లూ గది ఊసెత్తలేదు. ఇప్పుడు ఫోను చేసింది.

"ఏమే, మందుల షాపాయన ఆ గది కావాలంటున్నాడు. నువ్వేదో మ్యూజియం పెట్టావటగా. వచ్చి చూస్తా. చూశాకే ఏ మాటైనా చెప్తా."

ఫోను పెట్టేసి టైలరమ్మ భర్త వైపు చూసింది.

"మీ అక్కకి మీరే నచ్చచెప్పండి."

"మా అక్కకి నేనా? చిన్నప్పుడు నా వంతు ఏడుపు కూడా తనే ఏడ్చేది."

వదిన వచ్చే రోజు పొద్దున్నే బాతుని దుప్పట్లో చుట్టి, లోపలి గది బీరువాలో పెట్టి తాళం వేశారు. వేశాక భర్త నాలుక కరుచుకున్నాడు.

"నిన్ననే దానికి కీ ఇచ్చానే. వారం దాకా ఆగదు."

అప్పటికే వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడు.

వదిన బోర్డు చదివింది. అరల ముందు నిలబడింది. దిండు దగ్గర ఆగి, పట్టీ చదివి, పెదవి బిగించింది. బిగించినా ఆగలేదు. నవ్వొచ్చేసింది.

"ఏ మహాతల్లే ఇది ఇచ్చింది? ఇచ్చేటప్పుడు చేతులెలా వచ్చాయే?"

పళ్లెం దగ్గర కళ్లు తుడుచుకుంది. గవ్వల ఫోను దగ్గర గోడ పట్టుకుంది. "మనుషులకి బొత్తిగా సిగ్గుండదే. ఏది దొరికితే అది అంటగట్టేయడమే!" అంది. టైలరమ్మ గుండె కాస్త కుదుటపడింది. గది నిలిచేలాగే ఉంది.

అప్పుడు పదకొండయింది.

బీరువాలోంచి దగ్గు వినపడింది. మూడో దగ్గుకి భర్త తేరుకుని తనూ అందుకున్నాడు.

"ఏరా, ఎప్పటి నుంచి నీకీ దగ్గు?"

"రాత్రి నుంచక్కా" అన్నాడు. ఆ మాట అంటుండగానే దగ్గు వినపడింది.

వదిన తమ్ముడి నోటి వంక చూసింది. "నోరు మాట్లాడుతుంటే దగ్గు ఎక్కణ్ణుంచి వస్తోందిరా?"

జవాబు చెప్పే పని అతనికి తప్పింది. బస్సు వచ్చి ఆగింది. గది నిండిపోయింది. డ్రైవరు అర వైపు చూసి కంగారుపడ్డాడు.

"అమ్మా, బాతేదీ?"

"ఏం బాతు?" అంది వదిన.

"మీరు చూళ్లేదా? దాని కోసమే కదండీ వీళ్లంతా. ఒరిగిన ఇల్లు కూడా సగంలో వదిలేసి వచ్చారు."

టోపీ పెట్టుకున్న ఒకావిడ దిగులుగా, "పగిలిపోయిందా?" అని అడిగింది.

అవునంటే సరిపోయేది. టైలరమ్మ నోరు తెరిచింది కూడా. కానీ ఆవిడ ముఖం చూస్తే, చుట్టం పోయాడని విన్నట్టుంది. దిండుతో, పళ్లెంతో, ఫోనుతో ఎవరి వదినలో, ఎవరి అత్తలో నవ్వులపాలయ్యారు. తన వదినొక్కర్తినీ దుప్పట్లో చుట్టి దాచడం ఏం న్యాయం? టైలరమ్మ లోపలికి వెళ్లింది. బాతుని చంకనెత్తుకుని వచ్చి మిషను మీద పెట్టింది.

గదంతా గొల్లున నవ్వింది. టోపీ ఆవిడ బాతు మెడలోని పట్టీ పైకి చదివింది: "ఆడపడుచు. 'ఇలాంటిది ఇంకెవరింట్లోనూ ఉండదు వదినా!'" ఒకాయన నవ్వలేక నేల మీద కూర్చుండిపోయాడు.

నవ్వనివాళ్లు ముగ్గురే. భర్త కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. టైలరమ్మ వదినని చూస్తోంది. వదిన బాతుని చూస్తోంది.

చూస్తూనే అడిగింది. "దీని చోటెక్కడ?"

టైలరమ్మ రెండో అర చూపించింది.

"పైన ఏముంది?"

"గవ్వల ఫోను వదినా."

"ఎవరిచ్చింది?"

"తెచ్చినావిడ తోడికోడలు."

"తోడికోడలిది పైనా, ఆడపడుచుది కిందా?" వదిన గొంతు లేచింది. "ఈ ఇంటి ఆడపిల్లని, ఈ గది నాది. వీళ్లంతా బస్సెక్కి వచ్చింది దేని కోసం? ఆ గవ్వల కోసమా?"

"మీరేనా ఇచ్చింది?" అంది టోపీ ఆవిడ. గుళ్లో మాట్లాడినట్టు అంది.

"నేను కాక ఇంకెవరు? నాలుగు షాపులు తిరిగి కొన్నాను. వాడు చూపించినవన్నీ కాదన్నాను."

వదినతో ఫోటోకి జనం వరస కట్టారు. ఆమె కొంగు సర్దుకుంది. మధ్యలో మందుల షాపాయన ఫోను చేశాడు. "ఖాళీ లేదు బాబూ" అంది. ఫోను చేత్తో మూసి తమ్ముడి వైపు తిరిగింది. "ఊరికే నిలబడతావేంరా? స్టూలు తీసుకురా."

టైలరమ్మ స్టూలెక్కి గవ్వల ఫోను దింపింది. బాతుని పై అర మీద పెట్టింది. వదిన రెండడుగులు వెనక్కి వేసి, కళ్లు చికిలించి చూసింది.

"ఇంకాస్త ముందుకి జరుపు. గుమ్మంలో నిలబడ్డవాళ్లకీ ముక్కు కనపడాలి."