కరెంటొచ్చి కదిలిన విమానం

ఈ కథ పూర్తయ్యేలోపు ఒక విమానం, లోపల మనిషన్నవాడు లేకుండా, పల్లిచేనులో నిలబడుతుంది. కారణం నేనే. దేవరకొండ చుట్టుపక్కల ఇప్పటికీ నేను విమానం తోలానని చెప్పుకుంటారు. తోలలేదు. ఆ సమయానికి నేను జొన్నరొట్టె తింటున్నాను. పాపం, షెడ్డు కాపలా ఖాజాభాయి దాని చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టడం మరిచాడని కూడా అంటారు. అదీ అబద్ధమే.

తొంభైలు మొదలైన రోజులు. బోరు మోటర్లకు వైండింగ్ చేయడం నా పని. మా ఊరి అవతల ఎవరో ఎప్పుడో వేసి మరిచిపోయిన రన్‌వే ఉండేది. చలికాలం రాగానే హైదరాబాద్ నుంచి ఒక కెప్టెన్ సాబ్ రెండు సీట్ల విమానంతో అక్కడ దిగేవాడు. రేకుల షెడ్డులో ఇంజను స్టార్ట్ చేస్తే విమానం కన్నా ముందు రేకులు ఎగురుతాయి కాబట్టి, దాన్ని బయటికి ట్రాక్టరుతో లాగించేవాడు. ట్రాక్టరు వాడికి ఎక్కడో దున్నకం దొరికిందా, ఇక ఆ విమానం పెండ్లికి తయారై బస్సు దొరకని ముసలమ్మలా గుమ్మంలోనే కూర్చునేది.

ముందు చక్రానికి ఒక మోటరు బిగిస్తే అదే నడిచి వస్తుంది కదా అన్నాను. కెప్టెన్ సాబ్ మొదట నవ్వాడు. తర్వాత మీసం దువ్వాడు. "పనిచేస్తే నిన్ను విమానం ఎక్కిస్తా" అన్నాడు.

ఆ మాటతో నేను భూమ్మీద లేను. రాగితీగ చుడుతుంటే కళ్లముందు మబ్బులు. పైనుంచి చూస్తే మా దేవరకొండ కోట గుండ్రంగా కనిపిస్తుందా, కోలగానా? గుట్టలు ఆరబోసిన శనగ గుడాల్లా ఉంటాయా? నా దుకాణం కనిపిస్తుందా అసలు? ఆ ధ్యాసలో చుట్టిన మోటరొకటి ఒక రైతు దగ్గర ఉల్టా తిరిగి, నీళ్లకు బదులు తిట్లు పోసింది.

చివరికి చిన్న మోటరు ఒకటి చక్రం పక్కన బిగించాను. దాని రబ్బరు రోలరు టైరును రాసుకుంటూ తిప్పుతుంది. మిగిలిన బోరు కేబుల్ ముక్కలన్నీ అతికి షెడ్డు గోడ మీది స్టార్టరు దాకా లాగాను. చక్రం కింద ఖాజాభాయి పెట్టిన రాళ్లు నేనే తీసేశాను. బటన్ నొక్కితే విమానం జానెడు కదిలింది. కరెంటు పోయింది.

ఇక్కడ మా దిక్కు పద్ధతి ఒకటి చెప్పాలి. మా కరెంటుకు వేళాపాళా లేదు. దానికోసం బోరు దగ్గర కాపలా కూర్చోలేక, స్టార్టరును ఆటోలో పెట్టి ఇంటికి పోతారు. కరెంటు రాగానే మోటరు దానంతటదే ఆన్ అవుతుంది. ఏ మోటరు బిగించినా చివర్లో ఆ స్విచ్చు ఆటో వైపు తిప్పడం నా చేతికి అలవాటు. ఆ రోజూ తిప్పింది. నాకు చెప్పలేదు.

కెప్టెన్ సాబ్ చాయ్ తాగడానికి పోయాడు. నేనూ ఖాజాభాయీ షెడ్డు పక్క నీడలో సద్ది విప్పాం. తింటూ తింటూ నేను గోడకు ఒరిగి కళ్లు సగం మూసి, ఆకాశంలో తిరుగుతున్నాను. విమానం ఒకటి మెల్లగా, కడుపుతో ఉన్న బర్రెలా నా ముందు నుంచి పోయింది. ఎంత బాగుందో.

"నర్సిమ్మా, గది ఎటు పోతాంది?" అన్నాడు ఖాజాభాయి.

"పోనియ్ భాయ్, మంచిగున్నది" అన్నాను.

"మంచిగుండుడు కాదుర, నా నౌకరీ పోతాంది."

అప్పుడు లేచాను. స్టార్టరు ఆపాలన్న బుద్ధి పుట్టలేదు. ఇద్దరం పరుగెత్తి తోక పట్టుకుని వెనక్కి లాగాం. అది మమ్మల్ని కూడా తీసుకుపోయింది. గొర్లు కాచే సాయవ్వ తన మందతో అడ్డం వచ్చింది. గొర్లు చీలి దారి ఇచ్చాయి. విమానం ఆమె పల్లిచేనులో దిగింది. అక్కడికి కేబుల్ పొడుగు అయిపోయి, స్టార్టరులోంచి ఊడింది. విమానం ఆగింది.

కెప్టెన్ సాబ్ వచ్చి విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత ఎవరు నడిపారని అడిగాడు.

"ఎవరు నడపలే సార్. కరెంటొచ్చింది" అన్నాను.

"కరెంటొస్తే?"

ఆయన పట్నం మనిషి. సాయవ్వకు జాలేసింది. "కరెంటొస్తే మోటర్ నడువదా బిడ్డా? లేకుంటే మడి ఎట్ల పారుతది?" అని విడమరిచి చెప్పింది.

తప్పు నాదే, ఖాజాభాయిని ఏమనవద్దని బతిమాలాను. కెప్టెన్ సాబ్ ఖాజాభాయి భుజం తట్టి, నా వైపు తిరిగాడు.

"మోటరు పనిచేసింది. మాట ఇచ్చాను. ఎక్కు."

ఎక్కాను. ఆయన ఎక్కలేదు. తలుపు వేసి, ఊరివాళ్లను పిలిచి, షెడ్డు దాకా నెట్టమన్నాడు.

నెడుతుంటే రెక్కల నీడకు గొర్లన్నీ చేరాయి. కిటికీలోంచి కిందికి చూస్తే రెండువైపులా నల్లటి వీపులు, మెల్లగా కదులుతూ, ఒకదానిలో ఒకటి కలుస్తూ. వానమబ్బులను పైనుంచి చూసినవాడు మా మండలంలో నేనొక్కడినే. షెడ్డు ఇంత దగ్గర ఎందుకు కట్టారా అని బాధపడ్డాను.

కాబట్టి పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో ఏ విమానాన్నీ ఆటోలో పెట్టను. బోరు మోటరు సంగతి మాత్రం అడగకండి. కరెంటు వచ్చేసరికి అక్కడ ఎవరుంటారు?